ఐదున్నర నెల్లూరు బస్సు

ప్రొద్దుటూరు బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చునే చిన్నసుబ్బయ్యకు ఒక జబ్బుంది. ఎవరైనా ఒక ఊరికి దారి అడిగితే ఒక దారి చెప్పి ఊరుకోడు. మూడు చెప్తాడు. తొందరగా చేరేదొకటి, చవగ్గా చేరేదొకటి, చంకన బిడ్డా నెత్తిన మూటా ఉన్నవాళ్ళు అవస్థ పడకుండా చేరేదొకటి. చెప్పింది చాలదన్నట్టు కండక్టర్లు టిక్కెట్ల లెక్క రాసే పాత వేబిల్లు కాగితం చింపి, దాని వెనక మూడు దారులూ నంబర్లు వేసి రాసి, కింద గీత గీసి మరీ చేతికిస్తాడు. పులివెందుల బస్సెప్పుడని అడిగిన ఒక పెద్దమనిషి ముద్దనూరు మీదుగా పోయే బస్సులూ, వేంపల్లె మీదుగా పోయే బస్సులూ వింటూ నిలబడి, ఎదురుగా ఉన్న బస్సు కాస్తా పోగొట్టుకున్నాడని డ్రైవర్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నవ్వనీ. కండక్టరుగా పద్నాలుగేళ్ళు, మోకాలు చెడ్డాక ఈ కిటికీలో ఎనిమిదేళ్ళు. గోడకు మేకు కొట్టి వేలాడదీసిన ఫిర్యాదుల పుస్తకంలో ఆపని బస్సుల మీదా, కసిరిన కండక్టర్ల మీదా కావలసినన్ని ఉన్నాయి గానీ చిన్నసుబ్బయ్య మీద ఒక్క ముక్క లేదు. నెలకొకసారి ఆ పుస్తకం తిరగేసి చూసుకుని మళ్ళీ మేకుకు తగిలిస్తాడు. అదీ ఆయన సంబరం.

ఆ ఏడు ఎలక్షన్లు. జమ్మలమడుగు బస్సు ఎక్కేవాళ్ళు మెట్టు మీద కాలు పెట్టేముందే లోపల ఎవరెవరు కూర్చున్నారో కిటికీల్లోంచి తొంగి చూసుకుని ఎక్కుతున్న రోజులు. రోడ్ల మీద పోలీసులు జీపులు ఆపి సీట్లు ఎత్తి చూస్తున్నారు. అందుకని ముఠాలు నడిపే కొంతమంది పెద్దమనుషుల మనుషులకు ఎర్రబస్సు మీద ప్రేమ పుట్టింది.

ఆదివారం పదకొండు గంటలప్పుడు ఒకామె కిటికీ దగ్గరికొచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. అంత ఎండలోనూ భుజాన గొంగడి మడత ఉంది. ముందున్నవాళ్ళంతా పోయేదాకా పక్కకు నిలబడి, అప్పుడు అడిగింది.

"అన్నా, మొగలిదిబ్బకు ఎట్ల పోవల్ల?"

చిన్నసుబ్బయ్య ప్రాణం లేచొచ్చింది. ఎనిమిదేళ్ళలో ఆ ఊరి పేరు అడిగినవాళ్ళు లేరు. కడపా, మైదుకూరూ, ఎర్రగుంట్లా అని రోజంతా చెప్పీ చెప్పీ నోరు చేదెక్కిపోయిన మనిషికి సముద్రం ఒడ్డు ఊరు దొరికింది.

"మొగలిదిబ్బా! కావలి అవతల ఉండాది. ఈడ ఐదున్నరకు నెల్లూరు బస్సుంది. మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు మీంద పదకొండు లోపల నెల్లూరులో ఉంటావు. ఆడ అర్ధగంటకొక కావలి బస్సు. కావలిలో మాత్రం జాగర్తమ్మా. మొగలిదిబ్బ దిక్కు రెండే బస్సులు. పొద్దున ఏడుకొకటి, మధ్యాన్నం మూడుకొకటి. అదీ ఊర్లోకి పోదు, ఉప్పుకాలవ గట్టున దించుతాది. పడవెక్కి దాటల్ల. పొద్దు మునిగితే పడవాయన పడవ కట్టేసి ఇంటికి పోతాడు. ఇది ఒక దోవ. ఇంగొకటి, ఎర్రగుంట్లలో రైలెక్కి రేణిగుంట, గూడూరు…"

రైలు అయింది. పోరుమామిళ్ళ, సీతారామపురం, ఉదయగిరి మీదుగా కావలి పోయే కొండదారి కూడా అయింది. ఆమె అంతా విని, "మొదట చెప్పిండేదే చాలన్నా" అంది.

"చదువొచ్చునా?"

"రాదు."

"మరి గుర్తుంటాదా?"

ఆమె కొంగు కొస తీసింది. నెల్లూరు అని ఒక ముడి వేసింది. కావలి అని రెండోది. పడవ బస్సు అని మూడోది. వేసి, ముళ్ళ మీద వేలు పెట్టి ఒక్కోదాని టైమూ అప్పజెప్పింది. ఒక్క నిమిషం తేడా రాలేదు.

"మందలో ఈనిన గొర్లకు మేం ఇట్లనే వేసుకుంటాం" అంది.

చిన్నసుబ్బయ్యకు ముచ్చటేసింది. అయినా అలవాటు ఊరుకుంటుందా? వేబిల్లు వెనక పెద్దక్షరాలతో మొగలిదిబ్బ అని రాసి, మూడు దారులూ వేసి, గీత గీసి ఇచ్చాడు. వద్దంటే బాగుండదని ఆమె తీసుకుని నడుముకు దోపుకుంది.

"సముద్రస్నానానికా అమ్మా?"

"మా అన్న ఓబులయ్య మంద తోలకపొయినాడు ఆడికి. కోతలైపోయిన మళ్ళల్లో మంద కట్టుకుంటాండాడు. ఆయన కాడికి." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మా ఇంటాయన్ను తోలకపోవల్ల. జీపు తోలేవాడు. దిగినాడు."

చిన్నసుబ్బయ్య పెన్ను బల్ల మీద పెట్టేశాడు. ఆ ప్రాంతంలో పెద్దమనిషి జీపు తోలేవాడికి ఎక్కడం ఒకటే తన చేతిలో ఉంటుంది, దిగడం ఉండదు. జీపు ఏ పొద్దు ఎవరి వాకిట్లో ఆగిందో వాడికి తెలుసు. దిగాడంటే ఏదో చూసి దిగినట్టే లెక్క. చూసినవాడు రేపు పోలీసుల దగ్గర నోరు విప్పుతాడన్నది ఆ తర్వాతి లెక్క.

"నీ పేరేందమ్మా?" అని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"పెంచలమ్మంటారు నన్ను" అని ఆమే చెప్పింది. "ఎవురన్నా అడిగితే…"

"దినానికి మున్నూరు మంది అడుగుతారు ఈ కిటికీలో. నాకెవురు గుర్తుంటారు? పో తల్లీ, పో."

సోమవారం పొద్దున వాళ్ళు ఐదున్నర బస్సెక్కడం చూశాడు. మగమనిషి తలా చెవులూ తువ్వాలతో చుట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు, ఆమె ముందు ఆడవాళ్ళ సీట్లో. ఒకరికొకరు ఏమీ కానట్టే కూర్చున్నారు. బస్సు మలుపు తిరిగాక చిన్నసుబ్బయ్య టీ చెప్పించుకుని, ఈపాటికి మైదుకూరు, ఈపాటికి బద్వేలు అనుకుంటూ మధ్యాహ్నం దాకా వాళ్ళతో పాటు మనసులో ప్రయాణం చేశాడు. మూడు గంటలకు ఇంట్లో అన్నం ముందు కూర్చుని, "ఎక్కింటారు" అని పైకే అన్నాడు. భార్య ఎవరని అడిగితే ఎవరూ లేరన్నాడు.

మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకు ఇద్దరు వచ్చారు. ఒకడు కళ్ళద్దాలవాడు, పంతులు లాగా నెమ్మదిగా ఉన్నాడు. రెండోవాడు భుజాన రెగ్జిను సంచీ వేసుకున్నాడు. దాన్ని గచ్చు మీద దించినప్పుడు లోపల ఇనుము కదిలిన చప్పుడైంది.

కళ్ళద్దాలవాడు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి కిటికీలో పెట్టి, వేలితో సాపు చేశాడు.

"ఇది నీ రాతే గదన్నా?"

వేబిల్లు వెనక పెద్దక్షరాలతో మొగలిదిబ్బ. మూడు దారులు. కింద గీత.

చిన్నసుబ్బయ్య చీటీ మీదికి వంగి చూశాడు. ముళ్ళు చాలనుకున్న మనిషి ఆ చీటీని ఇంట్లో ఏ గూట్లోనో పెట్టేసి పోయింది. ఆమె ఊరు దాచింది, మొగుణ్ణి దాచింది, ఆఖరికి బస్సులో అతనికి ఏమీ కానట్టు కూర్చుంది. ఊరి పేరు నంబర్లేసి మరీ రాసి పెట్టింది మాత్రం తాను. ఎంత తెలివిరా నీది సుబ్బా అని తన్ను తాను తిట్టుకున్నాడు.

"నాదే అప్పా. అందరికీ రాసిస్తా."

"మా చుట్టాలు ఆడికి పొయినారు. ఈడ ఒక సావు కబురుంది, చెప్పల్ల. బిన్నా చేరల్ల మేము. ఇందులో మొదటిది ఐదున్నర నెల్లూరు బస్సని రాసినావు. అదేనా బిన్నా పోయేది?"

అదే. అందులో ఎక్కితే ఆలస్యం లేకుండా మూడు గంటల బస్సు అందుతుంది. పొద్దు మునిగేలోపు పడవ దాటుతారు. చిన్నసుబ్బయ్యకు ఆ లెక్క నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఇరవై రెండేళ్ళలో ఉన్న బస్సును లేదని చెప్పిన మనిషి కాడు.

"ఉండేది. ఈ దినం లేదప్పా" అన్నాడు. "కడపలో మీటింగు గదా. బస్సులన్నీ దానికి తీసకపొయినారు. ఐదున్నరది రద్దు."

అందులో సగం నిజమే. మీటింగుకు బస్సులు పోయాయి, అదీ వీళ్ళ పార్టీ మీటింగుకే. పోనిదల్లా ఐదున్నర నెల్లూరు బస్సొకటే.

కళ్ళద్దాలవాడు వెనక్కి తిరిగి బెంచీల వైపు చూశాడు. నెల్లూరు బస్సు కోసం ఎనిమిది తొమ్మిది మంది కూర్చుని ఉన్నారు.

"మరి వాళ్ళకు చెప్పలేదే?"

"ఇప్పుడే తెలిసింది. చెప్పబోతాండా."

చెప్పక తప్పలేదు. చిన్నసుబ్బయ్య లేచి, నల్లబోర్డు మీద నెల్లూరు పక్కన సుద్దతో రద్దు అని రాశాడు. సుద్ద విరిగింది. మైకు స్విచ్చి వేశాడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఐదున్నర గంటలకు బయలుదేరవలసిన నెల్లూరు బస్సు ఈ రోజు రద్దయినది." రోజూ తన చెవికి ఇంపుగా వినపడే తన గొంతే ఆ పొద్దు పరాయివాడి గొంతులా వినిపించింది.

బెంచీల మీదివాళ్ళు తిట్టుకుంటూ లేచారు. నల్ల బురఖా వేసుకున్న ఒకామె గుడ్డసంచీ పట్టుకుని గబగబా కిటికీ దగ్గరికొచ్చింది.

"ఇంకో బస్సు ఎప్పుడు సార్?"

"ఎనిమిదికమ్మా."

"ఎనిమిదైతే అందదు సార్. మధ్యాహ్నం జొహర్ నమాజు కాగానే… ఆలోపల నేనక్కడ ఉండాలి. వేరే దారేదైనా ఉందా? ఎర్రగుంట్లలో రైలు?"

కళ్ళద్దాలవాడు కిటికీ చట్రం మీద మోచెయ్యి ఆనించి నిలబడే ఉన్నాడు. కూర్చోమ్మా, బస్సొస్తుంది అంటే ఆ చెవిన పడుతుంది; రైలు సంగతి చెబితే వీళ్ళూ అదే పడతారు. మూడు దారులు చెప్పే మనిషి ఆమెకు ఒక్క దారీ చెప్పలేకపోయాడు.

"తెలీదమ్మా" అన్నాడు.

ఆమె బయటికి పోయి, ఆటోవాడితో రెండు మాటలు మాట్లాడి ఎక్కింది.

"మాకు రైలెట్లుంటాది?" అన్నాడు కళ్ళద్దాలవాడు.

"ఉండాది. ఎర్రగుంట్ల స్టేషన్లో వారం నుంచి సంచులు విప్పి చూస్తాండారు. మీకేముందిలే, చుట్టాలింటికి పోయేవాళ్ళు."

ఇది పూర్తిగా నిజం. సంచీవాడు సంచీని కాలితో దగ్గరికి లాక్కున్నాడు.

"ఎనిమిది దాకా ఆగలేము. అయితే మూడోది?"

"అదిగో, పోరుమామిళ్ళ బస్సు, ఐదుకు తీస్తాడు. పోరుమామిళ్ళలో సీతారామపురం బస్సు. ఆడి నుంచి ఉదయగిరి. ఉదయగిరి నుంచి కావలి."

"ఈ దినమే చేరతామా?"

"బస్సులు కలిస్తే చేరతారప్పా."

ఆ మాటలో కూడా అబద్ధం లేదు. పోరుమామిళ్ళలో ఆ బస్సు ఆగేది ఏడున్నరకు, సీతారామపురం బస్సు పోయేది ఏడుంబావుకు. మళ్ళీ పదకొండుకు. ఉదయగిరిలోనూ అదే తంతు. కలవని బస్సుల మీద జనం ఎన్ని అర్జీలు పెట్టారో చిన్నసుబ్బయ్యకు తెలుసు. అందరితో పాటు తానూ తిట్టిన దారే అది. ఆ పొద్దు మాత్రం టైములు వేసిన ఆఫీసరు కాళ్ళు మొక్కాలనిపించింది.

కళ్ళద్దాలవాడు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీ పేరేందన్నా?"

"చిన్నసుబ్బయ్య."

"గుర్తుపెట్టుకుంటాం."

ఐదుకు పోరుమామిళ్ళ బస్సు కదిలింది. అది గేటు దాటి, దుమ్ము అణిగేదాకా చూసి, చిన్నసుబ్బయ్య మైకు అందుకున్నాడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఐదున్నర నెల్లూరు బస్సు యథాప్రకారం పోవును." అరచేత్తో బోర్డు మీద రద్దు తుడిచేశాడు. టీకొట్టు దగ్గరికి పోయినవాళ్ళు గొణుక్కుంటూ వచ్చారు. ఆయన మోకాలీడ్చుకుంటూ ఆటోల దాకా పోయి చూశాడు. బురఖా ఆమెను ఎక్కించుకున్న ఆటో ఎప్పుడో ఎర్రగుంట్ల రోడ్డు పట్టింది.

నెల్లూరు బస్సు డ్రైవరు సంజీవయ్య స్టీరింగుకు మొక్కుకుంటుంటే చిన్నసుబ్బయ్య కేబిన్ కిటికీ పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకనాడు కలిసి డ్యూటీ చేసినవాళ్ళు.

"మామా, నెల్లూరులో కావలి డ్రైవరెవురుంటే వానికి చెప్పు. మూడు గంటల బస్సోడు ఉప్పుకాలవ పడవాయనకు చెప్పల్ల. పడవాయన గొర్లకాపరి ఓబులయ్యకు చెప్పల్ల."

"ఏం చెప్పల్ల?"

"ప్రొద్దుటూరు చుట్టాలు వస్తాండారు. రేపు పొద్దునకు ఆడుంటారు. అంతే."

సంజీవయ్య ముప్పై ఏళ్ళుగా ఆ రోడ్ల మీద తిరుగుతున్న మనిషి. ఎవరూ, ఎందుకూ అనలేదు. "కూలింగ్ నీళ్ళు పోసినార్రా?" అని క్లీనింగు వాళ్ళను కేకేసి, గేరు వేశాడు.

ఆ రెండు రోజులు చిన్నసుబ్బయ్యకు ముద్ద దిగలేదు. ఉదయగిరిలో ఏ లారీ అయినా దొరికి ఉంటే? కావలి డ్రైవరు మరిచిపోయి ఉంటే? పేపరు రాగానే నెల్లూరు వార్తలు వెతికేవాడు. ఇంట్లో ఒక రాత్రి లేచి కూర్చుంటే, మోకాలు నొప్పనుకుని భార్య నూనె వేడిచేసింది. కాదని చెప్పలేక రాయించుకున్నాడు.

గురువారం సాయంత్రం డ్యూటీ మారే వేళకు కళ్ళద్దాలవాడు ఒక్కడే వచ్చాడు. గడ్డం మాసి, చొక్కా నలిగి ఉంది.

"అన్నా, నీ బస్సులు కలవలేదు."

"మా బస్సులు యానాడు కలిసినాయి లేప్పా."

"పొయ్యేసరికి మంద లేదు, మనుషుల్లేరు. మళ్ళో పెంటికలున్నాయి." అతను కిటికీలోకి వంగాడు. "ఐదున్నర బస్సు ఆ దినం పొయిందంట గదా?"

చిన్నసుబ్బయ్య వేబిల్లు కాగితాలు సర్దుకుంటూనే జవాబిచ్చాడు.

"పొయింది. రద్దని ఒకడు చెప్తాడు, పంపమని ఇంగొకడు చెప్తాడు. మధ్యలో తిట్లు తినేది నేను. ఆ మీటింగులేవో అయిపోతే తప్ప మాకు సుఖం లేదు."

కళ్ళద్దాలవాడు చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. "రాత మాత్రం శానా బాగుందన్నా" అని, పులివెందుల బస్సు కదులుతుంటే పోయి ఎక్కాడు. చిన్నసుబ్బయ్య చీటీని ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్ళీ ముక్కలు చేసి, చెత్తబుట్టలో వెయ్యడానికి కూడా భయపడి జేబులో వేసుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం నెల్లూరు నుంచి వచ్చిన సంజీవయ్య కిటికీలోంచి ఒక గుడ్డపీలిక లోపలికి పడేశాడు. చీర కొంగు కొస. మూడు ముళ్ళున్నాయి. వాటి పక్కన గట్టిగా బిగించి నాలుగో ముడి ఉంది.

"కావలి డ్రైవరు ఇచ్చినాడు. ఆమే ఇమ్మనిందంట."

"యాడికి పొయినారంట మామా?"

"చెప్పలేదంట. ఆ ప్రొద్దుటూరాయన్ను అడగొద్దని చెప్పమనింది."

రాష్ట్రంలో ఏ మూలకు ఏ బస్సు పోతుందో తెలిసిన మనిషికి ఆ నాలుగో ముడి ఏ ఊరో తెలియలేదు. తెలియనందుకు ఇంత ఆనందం ఉంటుందని చిన్నసుబ్బయ్య ఎన్నడూ అనుకోలేదు. గుడ్డపీలికను సొరుగులో సుద్దముక్కల పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకున్నాడు. సంజీవయ్య అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు.

శనివారం పదింటికి బురఖా ఆమె వచ్చింది. వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక, "ఫిర్యాదుల పుస్తకం ఇవ్వండి" అంది.

చిన్నసుబ్బయ్య గొంతును బట్టి ఆమెను గుర్తుపట్టాడు. మేకు నుంచి పుస్తకం తానే తీశాడు. పెన్ను కూడా తానే ఇచ్చాడు. ఆమె కిటికీ చట్రం మీద పుస్తకం పెట్టుకుని, నిలబడే రాసింది. బడిలో పిల్లలకు నేర్పే గుండ్రటి రాత. రాసి, ఆయన వైపు తిప్పింది.

'మంగళవారం నెల్లూరు బస్సు రద్దయినదని మైకులో చెప్పినారు. బస్సు పోయినది. ఎర్రగుంట్లలో రైలు దొరకక, వెనక్కి వచ్చి ఎనిమిది గంటల బస్సులో పోయితిని. నేను చేరేసరికి మా అక్క ఖమ్రున్నీసాకు మట్టి ఇచ్చి, అందరూ తిరిగి వచ్చినారు. ఆమె ముఖం చూడలేకపోయితిని. ఇది ఎవరి తప్పో విచారించవలెను. మెహబూబున్నీసా, టీచరు.'

చిన్నసుబ్బయ్య రెండుసార్లు చదివాడు. అక్షరాలు అలుక్కుపోయాయి.

"నన్ను పెంచింది మా అక్క" అంది ఆమె. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మీ కిటికీలో అడిగితే తప్పు రాదని మా బడిలో అందరూ అంటారు. అందుకే ఇంకెవర్నీ అడక్కుండా పోయాను. తెలియక చెప్పారా సార్?"

తెలియక అంటే సరిపోయేది. ఆమె కూడా అదే వినడానికి వచ్చినట్టుంది. చిన్నసుబ్బయ్య ఆమె వెనక వరుసలో నిలబడ్డ మొహాలు చూశాడు. టీకొట్టు బెంచీ మీద పేపరు చాటున కూర్చున్నవాళ్ళను చూశాడు. ఒక ప్రాణం సంగతి ఇంకా రోడ్డు మీదే ఉంది. అది చెప్పడానికి లేదు. కానీ ఈమెకు ఇంకో అబద్ధం చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

"తెలిసే చెప్పినానమ్మా."

ఆమె మొహం మీది ముసుగు పైకి తీసి సూటిగా చూసింది. ఎందుకని అడుగుతుందనుకున్నాడు. ఆయన చెయ్యి సొరుగు మీద గట్టిగా ఆనించుకోవడం చూసిందో ఏమో, అడగలేదు.

"నలభయ్యో రోజుకు మళ్ళీ పోవాలి. ఐదున్నర బస్సు ఉంటుందా?"

"ఉంటాదమ్మా. తప్పకుండా ఉంటాది."

ఆమె తలూపింది. నాలుగడుగులు వేసి, నెల్లూరు ప్లాటుఫారం దగ్గర నిలబడ్డ కండక్టరును ఆపింది. "బాబూ, నెల్లూరుకు ఐదున్నర బస్సు రోజూ ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందని అతను చెప్పాకే కదిలింది.

కిటికీలో కూర్చున్న చిన్నసుబ్బయ్యకు ఆ ప్రశ్న స్పష్టంగా వినపడింది. ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. కొట్టడం న్యాయమే అనిపించింది. పుస్తకంలో సిబ్బంది వివరణ అన్న గడి ఖాళీగా ఉంది. 'నిజమే. తప్పు నాది' అని రాసి, సంతకం చేసి, పుస్తకాన్ని మేకుకు తగిలించాడు.

"అన్నా, పామూరుకు ఎట్ల పోవల్ల?" కిటికీలో దువ్వూరు రైతొకాయన నిలబడి ఉన్నాడు. "నువ్వు చీటీ రాసిస్తావంట గదా."

చిన్నసుబ్బయ్య చెయ్యి అలవాటుగా వేబిల్లు కాగితాల మీదికి పోయింది. అక్కడే ఆగింది.

"రాయను. చెప్తా, విను. ఆ తువ్వాల కొస పట్టుకో."

"ఎందుకన్నా?"

"ముందు పోరుమామిళ్ళ. ఒక ముడెయ్యి."

రైతు నవ్వుతూ, నవ్వుతూనే ముడి వేశాడు. అది బిగిసేదాకా ఆగి చిన్నసుబ్బయ్య రెండో బస్సు చెప్పాడు.